వెలుతురుండగా

తెల్లగా ఉంది అంటే మా ఆయన ఊరుకోరు, ఏ తెలుపు అని అడుగుతారు, పాల తెలుపా, సున్నం తెలుపా, కిటికీలో పెట్టి మర్చిపోయిన కాగితం తెలుపా అని, పెయింట్ల షాపులో జీవితమంతా రంగులు కలిపిన మనిషి మరి, అందుకని ఆ మేడ మీద ఆరేసిన దుప్పటిని ఇంకోసారి చూడాలి, మెడ పట్టేసినా చూడాలి, ఎంత చూసినా నాకది దుప్పటిలాగే ఉంది, తెల్ల దుప్పటి, ఒక మూల క్లిప్పు ఊడి వేలాడుతోంది, ఇందులో ఆయనకి పట్టుకెళ్ళి చెప్పడానికి ఏముంది, క్లిప్పు సంగతి చెబితే నవ్వుతారేమో, ఇంతలో కుడిచేతి బొటనవేలు దానంతటదే సంచిలోకి దూరి ఫోను మీద పైకి తోస్తోంది, అక్కడ తోయడానికి ఏమీ లేదు, ఆ ఫోటోల, వీడియోల యాప్‌లన్నీ తీసేసి నెలలైంది, ఈ వేలికి మాత్రం ఇంకా కబురు అందినట్టు లేదు.

ఇవాళ మాత్రం నా అదృష్టం పండింది, మా డ్రైక్లీనింగ్ షాపులో ఆవిరి మిషను మొరాయించింది, ఓనరమ్మ దాన్ని నాలుగు తిట్టి, చొక్కాలు నలిగితే నలిగాయి పొండమ్మా అని ఎండ ఉండగానే తలుపులు వేసేసింది, బట్టలకి నంబరు చీటీలు కుట్టే సూది చేతిలోంచి దిగగానే నాకు చిన్నపిల్లలా సంబరం వేసింది, ఇవాళ చుట్టుదారిలో తీరిగ్గా నడవొచ్చు, పార్కు గోడ వెంట, బస్సుల డిపో వెనక నుంచి, మెకానిక్ షెడ్ల మీదుగా, రోజూ చీకటి పడేలోపు ఆయనకి చెప్పడానికి ఒకటో రెండో దొరుకుతాయి, ఇవాళ సంచి నిండా ఏరుకెళ్ళొచ్చు, ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఊఁ చెప్పు, ఇవాళేం చూశావ్ అంటారు కదా, ఆ ఒక్క ఊఁ కోసం నేనీమధ్య ఎంత దూరమైనా నడిచేస్తున్నాను.

కళ్ళ డాక్టరు చాలా మంచావిడ, అదే బాధ, కసురుకునే మనిషై ఉంటే కోపం తెచ్చుకోవడానికైనా ఉండేది, కాగితం మీద గుండ్రంగా గీసి, అంచుల నుంచి లోపలికి పెన్నుతో నల్లగా నింపుకుంటూ వచ్చి, మధ్యలో బటన్ అంత చోటు వదిలేసి, ప్రస్తుతం మీవారికి మిగిలింది ఇంతమ్మా అంది, పోయింది తిరిగి రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో నేను చెప్పలేను, చుక్కల మందు మాత్రం మానకండి, అప్పుడు ఆయన చాలా మర్యాదగా, రంగులు కూడా పోతాయా డాక్టరుగారూ అని అడిగారు, ఏదో అరువు తెచ్చుకున్న వస్తువు తిరిగి ఇవ్వాలా అన్నట్టు, ఆవిడ అవునని తలూపింది, తల ఊపితే ఈయనకి కనపడదని గుర్తొచ్చి, అవునండీ అని పైకి అంది, నేను పక్కనే కూర్చుని ఆ బటన్ చోటునే చూస్తున్నాను, ఏం చేయాలో తెలియక ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను, దాంతో నేనేం చేసుకోను.

బయటికొచ్చి వరండాలో కూర్చున్నాక ఆయన, ఈ గోడకి ఏం రంగేశారు చెప్పు అన్నారు, నేను ఫోన్లోంచి తలెత్తకుండానే ఏదో లేత రంగండీ అన్నాను, ఆయన చెయ్యి చాచి ఆ గోడని తడిమారు, ఆ తడమడమే నాకు గుచ్చుకుంది, ఇకనుంచి ఈయనకి కళ్ళు నావే కదా, ఈ కళ్ళేమో పొద్దస్తమానం ఎవరెవరి వంటిళ్ళూ ఎవరెవరి పెళ్ళిళ్ళూ చూస్తూ అరిగిపోతున్నాయి, ఆ సాయంత్రమే ఫోన్లో ఆ యాప్‌లన్నీ తీసేశాను, మర్నాడు చెల్లెలు ఫోను చేసి, ఏంటక్కా ఎక్కడా కనపడట్లేదు, బతికే ఉన్నావా అంది, ఉన్నానే, లోకాన్ని చూద్దామని బయటికొచ్చాను అన్నాను, ఎలా ఉంది మరి అంది, ఏం చెప్పను, ఫోను పక్కన పెడితే లోకం ఎంతో అందంగా కనిపిస్తుందని అందరూ చెబుతారు, నాకు కనిపించిందల్లా లోకంలో ఇన్ని కరెంటు తీగలున్నాయని, ఇంతమంది ముక్కు చీదుకుంటూ నడుస్తారని, చెల్లెలు పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను, నవ్వుతూనే నాకు భయం వేసింది, నాకసలు చూడటమే రాకపోతే ఎలా, ఆయనకి ఏం చెబుతాను.

చెప్పడానికేమీ దొరక్క ఒకరోజు పాత ఫోటోల్లో చూసిన నీలం తలుపొకటి పట్టుకెళ్ళాను, మన వీధి చివర నీలం తలుపుందండీ, దాని మీద ఎండ భలే పడుతోంది అని, ఆయన, వీధి చివర తలుపు గోధుమ రంగు కదా, వాళ్ళకి నేనే కలిపిచ్చాను, మళ్ళీ వేయించారా ఏంటి అన్నారు, ఈ పేటలో సగం గోడలు ఈయన చేతిమీదుగా వెళ్ళినవేనని నాకు తట్టి ఉండొద్దూ, తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయాను, ఆయన నా వెనకనుంచి మెల్లగా, తొందరేం లేదు, రంగు తడిమీద అబద్ధం చెప్తుంది, ఆరనివ్వాలి, ఆరాక గుమ్మంలోకి పట్టుకెళ్ళి పగటి వెలుతురులో చూడాలి, ట్యూబులైటు కింద చూసి బాగుందన్నవాళ్ళంతా తర్వాత గోడ చూసుకుని ఏడుస్తారు అన్నారు, షాపులో కూడా అంతే చేసేవారు, అట్టముక్క మీద చిన్న మరక వేసి, కొనేవాళ్ళు గోల పెడుతున్నా ఆరేదాకా ఆగి, గుమ్మంలో నిలబడి తల ఇటూ అటూ వంచి చూసేవారు, పెళ్ళైన కొత్తలో అది చూసి ఈయనకి మెడ ఏమైనా తేడానా అనుకున్నాను.

సరే ఆగాను, మెల్లగా నడవడం మొదలుపెట్టాను, ఒకసారి ఇద్దరు మనుషులు పెద్ద అద్దం మోసుకెళుతుంటే మా వీధంతా, స్తంభాలతో సహా, అందులో ఊగుకుంటూ వెళ్ళిపోయింది, అది చెబితే ఆయన చిన్నపిల్లాడిలా చేతులు రుద్దుకుని, అందులో నువ్వు కనపడ్డావా అన్నారు, ఆఁ, ఒక్క క్షణం అన్నాను, ఎలా ఉన్నావ్ అన్నారు, ఇంకోసారి బస్సు కిటికీకి బుగ్గ ఆనించి నిద్రపోతున్న ఎవరో ప్రయాణికుడి ఊపిరికి అద్దం మీద మచ్చ ఒకటి పెద్దదవుతూ చిన్నదవుతూ ఉందని చెబితే, అప్పుడు నువ్వేం వేసుకున్నావ్ అని అడిగారు, ఏం చెప్పినా చివరికి ప్రశ్న నా మీదికే వచ్చేది, ముసలాయనకి సరసం ఎక్కువైంది అని మూతి తిప్పేదాన్ని, మూతి తిప్పితే కనపడదని తెలిసినా తిప్పేదాన్ని, అలా ఆయన నవ్విన రోజున మర్నాడు ఇంకో వీధి ఎక్కువ నడిచేదాన్ని, చీకటి పడ్డాకే ఇల్లు చేరేదాన్ని, చేరగానే లైటు వేసి, చెప్పు కూడా విప్పకుండా మొదలుపెట్టేదాన్ని, ఆలోచిస్తే అప్పుడు లైకులు, ఇప్పుడు ఊఁలు, నా ఆశ ఎక్కడికీ పోయినట్టు లేదు, ఫోన్లోంచి దిగి కాళ్ళలోకి వచ్చింది అంతే.

పుటుక్కుమంది, డిపో గోడ మలుపులో, చెప్పు తెగింది, పట్టీ మొదలంటా ఊడిపోయింది, ఎదురుగా చుట్టుదారంతా ఎండలో పరుచుకుని ఉంది, ఇవాళే ఇంత టైము దొరికింది, ఇవాళే ఇది తెగాలా, పిన్నీసు పెట్టి చూశాను, అదీ వంగిపోయింది, మూసి ఉన్న షాపు మెట్టు మీద కూలబడి ఆ చెప్పు ఒళ్ళో పెట్టుకున్నాను, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, చెప్పు తెగితే ఏడ్చే వయసా నాది, ఏడుపు చెప్పు కోసం కాదని తెలుస్తూనే ఉంది, డాక్టరు దగ్గరా ఏడవలేదు, ఇంట్లోనూ ఏడవలేదు, ఆయన చెవులు మరీ చురుగ్గా ఉన్నాయి ఈమధ్య, ఎక్కడ ఏడవను, నేను ఎన్ని వీధులు తిరిగితే మాత్రం ఆ బటన్ చోటు వెంట్రుకంతైనా పెరుగుతుందా, ఎన్ని అద్దాలు, ఎన్ని దుప్పట్లు మోసుకెళితే మాత్రం, నావల్ల ఏమీ కాదు, దేవుడా, నావల్ల ఏమీ కాదు.

తిన్నగా వెళ్ళే రోడ్డునే పట్టుకున్నాను, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు, రోడ్డు ఇంకా వేడిగానే ఉంది, ఈ దారిలో చూడటానికి ఏముంది, బ్యాంకు, మందుల షాపు, బ్యాంకు, వట్టి చేతులతో వెళుతున్నాను, ఇవాళ ఏమీ లేదండీ అని చెప్పేయాలి, చుట్టపు చూపుకి వెళుతూ ఏమీ పట్టుకెళ్ళనట్టు సిగ్గుగా ఉంది, మలుపు తిరిగితే మా ఇల్లు, గుమ్మంలో ఎవరో కూర్చున్నారు, మా గుమ్మంలో ఎవరు కూర్చుంటారు, ఆయనే, రోజూ నేను వచ్చేసరికి లోపల బల్ల పక్కన ఉండే కుర్చీ, గడపకి ఆనించి వేసుకుని, తల దువ్వుకుని, గడ్డం గీసుకుని, మొహం రోడ్డు వైపుకి ఎత్తిపెట్టి కూర్చున్నారు, మా గుమ్మం పడమటి వైపుకి, ఎండ తిన్నగా లోపలికి వస్తోంది, గోడ సగానికి ఉంది ఇంకా, ఎవరది, ఆ అడుగేంటి అలా ఈడుస్తోంది అన్నారు, నేనేనండీ, చెప్పు తెగింది అన్నాను.

ఇంత వెలుతురుండగా వచ్చావా, అన్నారు, ఆ గొంతు నేను చాలా ఏళ్ళుగా వినలేదు, ఇవాళ ఏమీ చూడలేదండీ, మిషను చెడిపోయింది, చుట్టుదారిలో పోదామంటే ఇది తెగి, అని నేను చెప్పుకుపోతుంటే, ఉండు, కదలకు, కొంచెం ఎడమకి, అంత దూరం కాదు, ఆఁ, అక్కడే అన్నారు, చెప్పు చేత్తో పట్టుకుని నిలబడిపోయాను, ఆయన తల ఇటు వంచారు, అటు వంచారు, అట్టముక్క మీద ఆరిన రంగుని చూసినట్టే, ఆ బటన్ చోటులో నేను మొత్తం పట్టను కదా, అందుకని కొంచెం కొంచెంగా చూస్తున్నారు, నుదురు, ఒక కన్ను, ఇంకో కన్ను, ఏడ్చావా అన్నారు, లేదండీ అన్నాను, పగటి వెలుతురు ఇది, అబద్ధం ఆడకు అన్నారు.

రోజూ ఇక్కడే కూర్చుంటారా అని అడిగాను, అవును, ఈ ఎండ ఉన్నంతసేపూ కాస్త తెలుస్తుంది, నువ్వొస్తే చూద్దామని, చీకటి పడ్డాక లోపలికి పోతా, నువ్వు లైటేస్తావు గానీ ఆ ట్యూబులైటు కింద నువ్వు ఉత్త గొంతువే అన్నారు, మరి ఒక్కసారైనా చెప్పొచ్చు కదండీ, తొందరగా రమ్మని ఒక్క మాట అంటే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా అన్నాను, అరిచానేమో కూడా, ఆయన, నువ్వంత సంబరంగా ఏదో ఒకటి పట్టుకొచ్చి చెప్తుంటే, ఎలా చెప్పమంటావే అన్నారు.

అయితే ఆ అద్దం వెళ్ళిన సాయంత్రం, ఆ బస్సు కిటికీ సాయంత్రం, నేను డిపో వెనక మెల్లగా నడుస్తూ ఈయన కోసమని వెతుక్కున్న ప్రతి సాయంత్రం, ఇక్కడ ఈ గోడ మీద ఎండ ఇలాగే జారిపోతూ ఉండేదన్నమాట, ఈయన తల దువ్వుకుని ఎదురుచూసి లోపలికి వెళ్ళిపోయేవారన్నమాట, ఆ సాయంత్రాలు ఎక్కడినుంచి తెచ్చివ్వను, ఈ ఎండని ఎలా పట్టి ఆపను, ఇప్పుడే గోడ మీద ఇంకో ఇటుక వరస పైకి జరిగింది, జుట్టు బాగా తెల్లబడిందే అన్నారు, ఏ తెలుపు అన్నాను, ఇంకా చెప్పలేను, ఆగు, చూడనీ అన్నారు, చెప్పు చేతిలోనే ఉంది, కాలు మండుతోంది, ఆయనకి నేను తేవలసింది లోకంలో ఏ మూలా లేదు, వెలుతురుండగా వచ్చి ఇక్కడ కదలకుండా నిలబడటమే, ఉన్నన్నాళ్ళు అంతే, నేను కదలలేదు.