నూట నలభై మూడో పేజీ

1982 చలికాలమంతా నా పెళ్లాం నోట పొద్దున లేస్తే పొటెంకిన్ మాటే. ఆయన పోయి దగ్గర దగ్గర రెండువందల ఏళ్లు. రష్యా మహారాణి కేథరిన్‌కి ప్రియుడు, తరవాత ఆవిడ సేనాపతి, మంత్రాంగమంతా నడిపిన మనిషి. ప్రమోద పీహెచ్‌డీ ఆయన మీదే. అమెరికాలో, నోవై ఊళ్లో మా ఇంటి ఫ్రిజ్ మీద ఆయన బొమ్మ అంటించింది. మా పెళ్లి ఫొటో అల్మారాలో ఉంది.

నాకు కడుపుమంట. దాచుకోవడమెందుకు? ఒంటికన్ను వాడు, గోళ్లు కొరికేవాడు. అలాంటివాడి గురించి చెప్పేటప్పుడు ప్రమోద మొహం వెలిగిపోయేది. నేను ఆఫీసులో కొత్త బ్రేకు డిజైన్ చేశానంటే "అలాగా, చెయ్యి కడుక్కోండి, అన్నం పెడతా" అనేది.

పైగా ఆ థీసిస్ టైపు చేసింది నేనే. గుంటూరులో టైపు హయ్యర్ పాసైనవాణ్ణి. "మీరు కొడితే నేను మళ్లీ చూడక్కర్లేదు" అని మూడువందల పేజీల చేతిరాత నా ముందు పెట్టింది.

నూట నలభై మూడో పేజీ దగ్గర నా చేతులు ఆగిపోయాయి. సిపాయిల పిలకలు కత్తిరించి, జుట్టుకు పొడి పూసుకునే శిక్ష తప్పించాడట పొటెంకిన్. ఇంకొకరైతే ఆ పని చేయలేరట. చివరి వాక్యం: "మహారాణి అతణ్ణి ప్రేమించడం మానేశాక కూడా నమ్మడం మానలేదు." ఆ వాక్యం ఎంత ముచ్చటగా రాసుకుందో! నాకు ఒళ్లు మండింది. ఆ కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. తరవాతి పేజీల నంబర్లు సరిచేసుకుంటూ పోయాను. ఒక్క పేజీ లేకపోతే ఆయన కొంపేం మునగదనుకున్నాను.

డిఫెన్స్ రోజు, అంటే ప్రొఫెసర్ల ముందు థీసిస్ మీద ప్రశ్నలకు జవాబు చెప్పే రోజు, వెనక వరసలో కూర్చున్నాను. ముసలి ప్రొఫెసర్ పేజీలు తిప్పుతూ ఆగాడు.

"ఇరవై ఏడో ఫుట్‌నోట్ తరవాత ముప్పై ఒకటి వచ్చిందేమిటి? ఆధారాలు లేని చోట దాటేశావా?"

పేజీల నంబర్లు మార్చాను గానీ ఫుట్‌నోట్లు మరిచిపోయాను. ఐదేళ్ల చదువు నా వల్ల పోయేలా ఉంది.

ప్రమోద ఒక్క క్షణం తడబడింది. తరవాత కాగితం చూడకుండా పది నిమిషాలు మాట్లాడింది. ఆ మూడు ఫుట్‌నోట్ల ఆధారాలూ వరసగా అప్పజెప్పింది. పాస్ చేశారు, ఆ పేజీ చేర్చి ఇవ్వమన్నారు.

కారెక్కాక, "ఆ పేజీ ఏదండీ?" అంది.

జేబులోంచి తీసిచ్చాను. మడతలు విప్పి చివరి వాక్యం దాకా చదువుకుంది.

"పొటెంకిన్ మీద కోపమా మీకు?"

"వాడి మీద కాదు. నువ్వు వాణ్ణి మెచ్చుకోవడం మీద."

"చచ్చినవాణ్ణండీ మెచ్చుకున్నది. బతికున్నవాళ్లలో మీకొక్కరికే నా రాత, తిరిగి చూసుకోకుండా ఇచ్చాను."

నేను కారు స్టార్ట్ చేశాను.

ఆ పేజీ తనే రెండు వేళ్లతో కొట్టుకుంది. నేను పక్కన నిలబడి తప్పులు చూపిస్తుంటే "వద్దులెండి" అంది.

తరవాత తను ఊరూరా పేరొచ్చిన పుస్తకాలు నాలుగు రాసింది. నన్ను ప్రేమగానే చూసుకుంది, ఆ లోటు నేనెరగను. ఒక్క కాగితమైనా మళ్లీ నా చేతికివ్వలేదు.