అర స్వరం దిగువన

వేళ్ల కింద తీగ వదులైంది.

కొంచెమే.

తీగ బిగించే బిరడా కిర్రుమంది. నాలుగు తీగలకీ నాలుగుసార్లు. గోడ అవతల స్టేజీ మీద తొమ్మిదో తరగతి వాళ్లు డ్రమ్స్‌తో చెవులు చిల్లులు పొడుస్తున్నారు. నా వయొలిన్ అర స్వరం కిందికి దిగింది... ఎవరికీ వినపడలేదు.

సైరన్‌కి కూడా.

నా నేస్తం ఒకటో తరగతిలో హాజరు పలికితే వరండా చివరిదాకా వినపడేది. అప్పుడు పెట్టిన పేరు. ఇది బడిలో మా ఆఖరి ఏడు, ఆఖరి సంగీత సాయంత్రం. అయినా అదే పేరు.

పోయిన నెల దానికి జ్వరమొచ్చి తగ్గింది. గొంతు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. పాట చివర ఒక పై స్వరం ఉంది. రిహార్సల్లో నాలుగుసార్లు పాడింది. నాలుగుసార్లూ అక్కడే జీర.

"అర స్వరం తగ్గిద్దామే," అన్నాను.

"తగ్గించావో, నీకూ నాకూ మాటల్లేవు."

అన్నంత పనీ చేసే మనిషి. మ్యూజిక్ సార్‌కి చెబితే, మీరూ మీరూ తేల్చుకోండమ్మా అని చేతులు దులుపుకున్నారు.

తేల్చుకోలేదు. దొంగతనంగా తగ్గించాను.

ముందు వరసలో సంగీత కళాశాల మేడమ్ కూర్చుంది. ఆమె మెచ్చితే సైరన్‌కి అక్కడ సీటు. అది తప్ప ఇంకో చదువు దాని తలకెక్కదు.

మా పేర్లు పిలిచారు.

స్టేజీ మీద లైట్లు. వేడి.

మా ఇద్దరికీ ఒక అలవాటుంది. అది కళ్లు మూసుకుంటుంది. నేను ఒక్క స్వరం వాయిస్తాను. అది ఆ స్వరం అందుకుంటుంది. మూడేళ్లుగా అంతే. ఇది సరైనదేనా అని ఒక్కసారీ అడగలేదు.

ఇవాళా అడగలేదు.

కళ్లు మూసుకుంది.

నాకు ఏడుపొచ్చింది. ఆపుకుని వాయించాను.

అందుకుంది.

మొదటి చరణం. దాని కనుబొమ్మ కాస్త ముడిపడింది... తెలిసిపోయిందా? విడిపోయింది. రెండో చరణం. ఆ పై స్వరం దగ్గరపడుతోంది. ఇంకో వాక్యం. ఇంకో మాట —

అందింది.

జీర లేదు. నిండుగా, నిలకడగా నిలబడింది. హాలంతా చప్పట్లు. సైరన్ వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటోంది. నేను చప్పట్లు వినలేదు, ఊపిరి పీల్చుకున్నాను.

తెర వెనక సైరన్ నన్ను ఎత్తి తిప్పేసింది. "చూశావుటే! తగ్గించాలట, తగ్గించాలి! నీ మొహం!"

నవ్వాను. ఏం చేయను మరి.

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నీళ్లు తాగి చెబుతాను... వరండాలోకి వెళ్లాక చెబుతాను...

మేడమే వరండాలోకి వచ్చింది.

"సోమవారం కళాశాలకి రామ్మా. ఇదే పాట. మా పియానో మీద మా వాళ్లు వాయిస్తారు. ఏ శ్రుతికి పాడావో చెప్పు, రాసుకుంటాను."

నా వయొలిన్‌లా ఆ పియానోని దొంగతనంగా దించలేను.

సైరన్ గర్వంగా తన పాత శ్రుతి చెప్పింది. మూడేళ్లుగా అదేనంది. జ్వరమొచ్చినా దిగలేదంది.

మేడమ్ రాయలేదు.

కలం అలాగే పట్టుకుని ఉంది. సైరన్ వైపు చూడలేదు. నా వైపు చూసింది... నా చేతిలోని వయొలిన్ వైపు, మళ్లీ నా వైపు.

"అవునా?" అంది మెల్లగా.

ఆమెవి సంగీతం తెలిసిన చెవులు. అర స్వరం తేడా వాటికి తెలుసు.

సైరన్ నా చేయి అందుకుంది. నవ్వుతూ, ఊపుతూ. "చెప్పవే. నా మాట నమ్మట్లేదు మేడమ్. నువ్వు చెప్పు."

నేను నోరు తెరిచాను.

దాని వేళ్లు నా వేళ్ల చుట్టూ బిగుసుకున్నాయి —