పదకొండు ఎర్ర బొత్తాలు

బిస్కెట్ల డబ్బాను బల్లమీద బోర్లించి, బొత్తాలను అరచేత్తో రెండు కుప్పలు చేస్తోంది మేడమ్. తెల్లవి ఇటు, ఎర్రవి అటు. తెల్లవి పన్నెండూ ఉన్నాయి. ఎర్రవి ఎప్పటిలాగే పదకొండు. పన్నెండోదాని బదులు పాత కోటు నుంచి ఊడదీసిన బొత్తాం ఒకటి ఉంది. అదీ ఎరుపే గాని ముదురు రంగు, మిగతావాటికి రెండింతల లావు. దాన్ని చూసి ఏటా పిల్లలు నవ్వుతారు. నవ్వితే నవ్వారు, నిద్రపోరు కదా అనుకుంటుంది.

ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడిన కూతురు చొక్కా కాలరు మీద పెట్టె నొక్కిపట్టి, "వచ్చేసిందా బొత్తాల రోజు?" అంది.

"వచ్చింది."

"పోయినేడే పెద్దసారు వద్దన్నాడన్నావు."

"ఈ ఏడూ వద్దన్నాడు."

"మరి?"

"మరేముంది, డబ్బా తీసుకెళ్తున్నాను."

కూతురు నవ్వు ఆపుకుంది. కళ్ళద్దాల దుకాణంలో ఆమెకి పని. అద్దాలు అరగదీసి అరగదీసి వేళ్ళ కొనలు నున్నగా అయిపోయాయి. ముప్పయ్యేళ్ళు నిండినా తల్లి దగ్గర మాట్లాడేటప్పుడు బడిపిల్ల గొంతే వస్తుంది.

కిటికీ పక్క మంచం మీదనుంచి గలగలమని చప్పుడైంది. అత్తగారు పిలుస్తోందన్నమాట. గొంతు సన్నగిల్లాక ఆవిడ మనుషుల్ని పిలవడానికి కళ్ళజోడు పెట్టె ఆడిస్తుంది. పాతకాలపు రేకు పెట్టె. లోపల మర ఏదో ఊడి దొర్లుతూ ఉంటుంది. ఇవ్వు నానమ్మా, బిగించి తెస్తా అని మనవరాలు ఎన్నిసార్లు చెయ్యి చాచినా ఆవిడ పెట్టెను గుండెకి అదుముకుంటుందే గాని ఇవ్వదు.

"గువ్వా, ఈ దుప్పటి కాస్త సర్దవే," అంది ముసలావిడ.

"వస్తున్నా నానమ్మా."

"గువ్వ కాదత్తయ్యా," అంది మేడమ్ తలెత్తకుండా.

కూతురు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, "పలికితే నాకేం అరిగిపోతుందమ్మా?" అంది.

"నీకేం అరగదు. దానికి అరుగుతుంది."

మంచం మీద ముసలావిడ మూతి తిప్పింది. "ఎన్నేళ్ళొచ్చినా ఇదే మొండిపట్టు. పోయింది, వచ్చింది. లెక్క సరిపోయింది. ఇంకా ఏం కావాలి దీనికి?"

మేడమ్ బొత్తాలన్నీ డబ్బాలో పోసి, మూత గట్టిగా నొక్కింది.

గువ్వ ఆమె మొదటి కూతురు. నాలుగో ఏట జ్వరం వచ్చి పోయింది. అప్పటికి మేడమ్ నిండు మనిషి. గువ్వ పోయిన కొన్ని వారాలకే ఈ పిల్ల పుట్టింది. చూడవచ్చిన ప్రతివాళ్ళూ ఉయ్యాలలోకి వంగి, అదే ముక్కు, అదే నుదురు, పోయినదే తిరిగొచ్చింది, ఇక ఏడవకు అన్నారు. పేరు కూడా అదే పెట్టేయమన్నారు. భర్త కూడా తల వంచుకుని, పోనీలే, అమ్మ సంతోషపడుతుంది అన్నాడు. పచ్చి బాలింత లేచి నిలబడి, "ఆ పేరు ఆ పిల్లది. దీనికి వేరేది చూడండి," అంది. అంతవరకు ఆ ఇంట్లో గొంతెత్తని మనిషి. ఆ తరవాత భర్త పోయాడు, చుట్టాలు రావడం తగ్గింది. అత్తగారూ, ఆ పిలుపూ, ఈ దిద్దుబాటూ మాత్రం ఇంట్లో గడియారంలా నడుస్తూనే ఉన్నాయి.

గువ్వ బట్టలన్నీ ఎవరికైనా ఇచ్చేయమన్నప్పుడు ఆమె కాదనలేదు. ఒక్క గౌను మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీపు మీద నిలువునా పన్నెండు ఎర్ర బొత్తాలతో తనే కుట్టిన గౌను. కత్తెర తెచ్చుకుని ఒక్కొక్క బొత్తాం కోసి డబ్బాలో వేసింది. చివరికి చూస్తే పదకొండే ఉన్నాయి. మంచం కింద, చాప కింద, చీపురుపుల్లల్లో, అంతటా వెతికింది. దొరకలేదు.

డబ్బా పట్టుకుని ఇంట్లోంచి బయటపడేముందు గ్యాసు కట్టేసిందో లేదో రెండుసార్లు చూసుకుంది. అత్తగారి చేతికి నీళ్ళ సీసా అందుతుందో లేదో చూసింది. వీధి మలుపులో ఆగి వెనక్కి చూసింది. ఇల్లు ఇల్లులాగే ఉంది. ఎవరినైనా వదిలి వెళ్ళేటప్పుడల్లా ఆమె ఇలాగే వెనక్కి చూస్తుంది. అది సంతకు వెళ్ళినా అంతే, కాలేజీకి వెళ్ళినా అంతే.

ఆమె చెప్పేది కెమిస్ట్రీ. అయితే ఏడాదికోసారి బయాలజీ పిల్లలకి ఒక పాఠం ఆమెదే. కిరణజన్య సంయోగక్రియలోని రసాయన భాగం. బయాలజీ చెప్పే ఆకుల మాస్టారు ఎప్పుడో చేతులెత్తేశాడు. "నాకు ఆకు వరకే తెలుసమ్మా. ఆకు లోపలి వంట మీరే చెప్పాలి," అన్నాడు. అలా ఆ పాఠం ఆమెదైపోయింది. ఏడాదంతా ఆమ్లాలూ క్షారాలూ చెబుతూనే, మనసులో ఎక్కడో ఆ రోజు కోసం ఎదురుచూస్తుంది.

కాలేజీ వరండాలో ప్రిన్సిపాల్ పెద్దసారు ఎదురొచ్చాడు. కళ్ళ కింద నల్లటి వలయాలు, చేతిలో ఎప్పుడూ చల్లారిపోయిన టీ గ్లాసు. చెడ్డవాడు కాదు. అందరికీ సమాధానం చెప్పుకోవలసిన కుర్చీలో కూర్చున్నవాడు.

"డబ్బా తెచ్చారా?"

"తెచ్చాను సార్."

"మేడమ్, పుస్తకంలో ఉన్న సమీకరణంలో నీళ్ళ అణువులు ఆరు. పరీక్షలో ఆరు. మీరు పన్నెండు అంటారు. పోయినేడు పిల్లలు కంగారులో పన్నెండు రాసి మార్కులు పోగొట్టుకున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి నా బల్ల మీద గుద్దారు, మీ బల్ల మీద కాదు."

"పరీక్షలో ఆరు రాయమని నేనే చెప్తాను. కాని లోపలికి పోయేవి పన్నెండు. బయటికి వచ్చేవి ఆరు. తేడా తీసి ఆరు అంటున్నారు. తేడా తీశామని పిల్లలకి తెలియొద్దా?"

"ఎందుకు తెలియాలి?"

ఆమె డబ్బాను చంకలోకి సర్దుకుంది.

"ఇవాళ నేను వెనక బెంచీలో కూర్చుంటాను," అన్నాడు పెద్దసారు. "ఆరుతో చెప్పి వదిలేస్తే ఈ పాఠం మీ దగ్గరే ఉంటుంది. లేదంటే వచ్చే ఏడు నుంచి ఆకుల మాస్టారే చెప్తారు. నన్ను ఇరుకున పెట్టకండి."

"కూర్చోండి సార్. ఫ్యాను కింద కూర్చోండి, అక్కడ గాలి వస్తుంది," అంది ఆమె.

తరగతి గదిలో కిటికీ తలుపులన్నీ మూయించింది. బోర్డు మీద నింపాదిగా రాసింది. ఎడమవైపు ఆరు కార్బన్ డయాక్సైడ్, పన్నెండు నీళ్ళు. మధ్యన బాణం. కుడివైపు ఒక గ్లూకోజు, ఆరు ఆక్సిజన్, ఆరు నీళ్ళు. వెనక బెంచీలో పెద్దసారు గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆమె పన్నెండు కింద గట్టిగా గీత గీసింది. సుద్దముక్క విరిగింది.

ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. దేనికైనా వాదన దిగుతుందని తోటిపిల్లలు ఆమెకి లాయరని పేరు పెట్టారు.

"మేడమ్, నీళ్ళు రెండువైపులా ఉన్నాయి కదా. రెండువైపులా ఉన్నది కొట్టేయమని మొన్న కెమిస్ట్రీలో మీరే చెప్పారు."

"చెప్పాను."

"మరి ఇక్కడెందుకు కొట్టేయరు? ఇది బయాలజీ అనా?"

గది ఘొల్లుమంది. మేడమ్ కూడా నవ్వింది. "కొట్టేసే ముందు ఎవరిని కొట్టేస్తున్నామో మొహం చూద్దాం. లేవండి."

ఆక్సిజన్ పరమాణువులే బొత్తాలు. నీళ్ళలో ఉన్నవి ఎర్రవి, కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్నవి తెల్లవి. ఆరుగురికి తలా రెండు తెల్లవి ఇచ్చి, మీరు కార్బన్ డయాక్సైడ్ అంది. ఎర్రవి తలా ఒకటి పంచుతూ, మీరు నీళ్ళు అంది. పదకొండు చేతులు నిండాయి. లావు బొత్తాం చూడగానే మిగిలినవాళ్ళు వెనక్కి జరిగారు.

"నాకొద్దు మేడమ్, ఇది తెగ తినేసిన పరమాణువు," అన్నాడొకడు.

ఆమె బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ చివరిదాకా వెళ్ళి చెయ్యి చాచింది. "పన్నెండో నీళ్ళు మీరు సార్."

పెద్దసారు బొత్తాం వంక చూశాడు, పిల్లల వంక చూశాడు. లేచి తీసుకున్నాడు. ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు.

మేడమ్ కిటికీ తలుపు తెరిచింది. ఎండ బల్లల మీద పడింది.

"వెలుతురు వచ్చింది. పత్రహరితం దాన్ని పట్టింది. ఆ శక్తితో నీళ్ళు విరుగుతాయి. ఒకటి కూడా మిగలదు. హైడ్రోజన్ ఇక్కడే ఆగిపోతుంది. ఆక్సిజన్‌తో ఆకుకి పని లేదు. ఎర్రవాళ్ళు ఇద్దరిద్దరు జతగా కిటికీ దగ్గరికి వెళ్ళిపోండి. మీరు గాలి. మనం పీల్చేది మిమ్మల్నే."

పన్నెండు మందీ కిటికీ దగ్గర గుమిగూడారు. పెద్దసారి జతగాడు భయపడి బారెడు దూరంలో నిలబడ్డాడు.

"ఇప్పుడు తెల్లవాళ్ళు. ఒక్కో బొత్తాం ఈ పళ్ళెంలో వెయ్యండి. ఇది గ్లూకోజు. మీ దగ్గర ఇంకా ఏముంది?"

"ఒకటి ఉంది మేడమ్."

"దానికి హైడ్రోజన్ రెండు ఇచ్చాం. మీరిప్పుడు ఎవరు?"

ఆరుగురూ మొహమొహాలు చూసుకున్నారు. "నీళ్ళు," అన్నాడొకడు మెల్లగా.

లాయరు అమ్మాయి లేచి నిలబడింది. కిటికీ దగ్గర ఎర్ర బొత్తాల్ని చూసింది. ఆరుగురి అరచేతుల్లో తెల్ల బొత్తాల్ని చూసింది.

"అయితే ఇవి ఆ నీళ్ళు కావు మేడమ్. అవి వెళ్ళిపోయాయి. ఇవి కొత్తవి."

"లెక్కకి కొట్టేసుకో, తప్పు లేదు. పరీక్షలో ఆరు రాయి. కాని పోయినవే తిరిగొచ్చాయని మాత్రం అనకు," అంది మేడమ్.

గంట మోగింది. పిల్లలు బొత్తాలు డబ్బాలో వేసి వెళ్ళిపోయారు. పెద్దసారు చివరిదాకా ఆగి, లావు బొత్తాన్ని స్వయంగా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ముప్పయ్యేళ్ళ కింద నాకెవరూ ఇలా చెప్పలేదు," అన్నాడు. ఆ వెంటనే చూపు దించుకున్నాడు. "అయినా వచ్చే ఏడు నుంచి ఆకుల మాస్టారే చెప్తారు మేడమ్. నేను ముందే చెప్పాను."

"మీరూ ముందే చెప్పారు, నేనూ తెలిసే తెచ్చాను," అంది ఆమె డబ్బా మూత పెడుతూ.

పాఠం చెప్పినవాళ్ళే బోర్డు తుడిచి వెళ్ళాలని ఆ కాలేజీలో నియమం. అన్నేళ్ళలో ఆమె ఏనాడూ తప్పలేదు. డస్టరు తీసి పెద్దసారి ముందు బల్ల మీద పెట్టింది. "ఇది మాత్రం నేను తుడవను సార్. తుడవాలనిపిస్తే మీరే తుడవండి." ఆయన డస్టరు ముట్టుకోలేదు. ఆమె మెట్లు దిగుతూ పైకి చూస్తే, తెరిచిన కిటికీలోంచి పన్నెండు ఇంకా కనిపిస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి కూతురు ముందే వచ్చి చెప్పులు విప్పుతోంది. పాఠం పోయిందని విని డబ్బా మూత తీసి బొత్తాలు వేళ్ళతో కెలికింది.

"ఈ ఎర్రవి దాని గౌనువేనా?"

ఇన్నేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు.

"అవును."

"తెల్లవి?"

"నీ బడి చొక్కాలవి. ఒక్కో ఏడు పొట్టి అయిపోయినప్పుడల్లా కోసి దాచాను." తల్లి ఎర్రవి ఒక పక్కకి జరిపి అంది, "డబ్బా ఒకటే అయినా ఆ రెండూ ఎప్పుడూ కలిపి చూడలేదు. పాఠం అయ్యాక కూడా విడివిడిగా లెక్కపెట్టుకునేదాన్ని."

కూతురు ఒక తెల్ల బొత్తాం తీసి అద్దాన్ని పరీక్షించినట్టు వెలుతురుకి పట్టి చూసింది.

కిటికీ పక్క గలగల మోగింది. "గువ్వా."

తల్లి నోరు తెరిచేలోపే కూతురు లేచి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చుంది. ముసలావిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"గువ్వ లేదు నానమ్మా. నేను."

ముసలావిడ కళ్ళజోడు సర్దుకుంది. "గువ్వేదే?"

"పోయింది. నేను పుట్టకముందే."

ఆవిడ కోడలి వంక తిరిగింది. ఎప్పుడూ దిద్దే కోడలు ఇవాళ ఏమీ అనలేదు. ముసలావిడ చాలాసేపు మనవరాలి మొహం చూసింది. నుదురు, ముక్కు, గడ్డం, ఒక్కొక్కటే వేలితో తడిమింది.

"అయితే నువ్వు కొత్తదానివే," అంది.

"కొత్తదాన్నే నానమ్మా."

"చల్లగా అయిపోయిందే, దాని చెయ్యి. నేనే పట్టుకున్నాను," అంది ముసలావిడ. ముడతల్లోంచి నీళ్ళు దారి వెతుక్కుంటూ జారాయి. గువ్వ కోసం ఆవిడ ఏడవగా కోడలు చూడడం అదే మొదటిసారి. అప్పట్లో ఊరంతా ఏడిస్తే, ఈవిడ ఉయ్యాల దగ్గర నిలబడి నవ్వింది. ఆ నవ్వును కోడలు ఇంతకాలం క్షమించలేదు.

"కాస్త టీ పెట్టవే," అంది ముసలావిడ కళ్ళు మూసుకుని. ఏ పేరూ పెట్టి పిలవలేదు.

మేడమ్ వంటింట్లోకి వెళ్ళింది. టీ కాగి, వడగట్టి, ఆవిడకి నచ్చినంత చల్లార్చి తెచ్చేసరికి ముసలావిడ తల దిండు పక్కకి వాలి ఉంది. చెయ్యి ఇంకా మనవరాలి చేతిలోనే ఉంది. ఆ చేతిని ఎప్పుడు వదలాలో తెలియక పిల్ల అలాగే కూర్చుంది.

కబురు తెలిసి పక్కింటావిడ వచ్చి మేడమ్ భుజం మీద చెయ్యేసింది. "బెంగపడకు. పెద్దావిడ మళ్ళీ మీ ఇంట్లోనే పుడుతుందిలే."

"వద్దు," అంది మేడమ్. "ఆవిడ ఆవిడే. ఆవిడ పోయింది." ఆ మాట అనగానే ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు.

కూతురు నానమ్మ మొహం మీదనుంచి కళ్ళజోడు మెల్లగా తీసింది. చొక్కా అంచుతో అద్దాలు రెండూ తుడిచింది. పెట్టెలో పెడదామని మూత తీసి ఆగిపోయింది. లోపల ఊడిన మర లేదు. ఎర్ర బొత్తాం ఒకటి ఉంది. దాని కన్నాల్లో గౌను దారం ఇంకా అలాగే ఉంది.