దారం అయిపోయింది

"మా తాత నాటాడు. మా నాన్న నిలబెట్టాడు." మా కాఫీ తోట కథ చెప్తూ ఇక్కడ మా ఆయన ఓసారి ఊపిరి తీసుకుంటాడు. నేను కాఫీ ట్రే పట్టుకుని వరండాలోకి వెళ్ళాల్సింది సరిగ్గా అప్పుడే. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలియక ఒకసారి 'తాత నాటాడు' అన్న మాట దగ్గరే వెళ్ళిపోయాను. "కాస్త ఆగి తేవచ్చుగా, మాటకు అడ్డం వచ్చావు" అన్నాడు. కోపంగా కాదు, పాఠం చెప్పినట్టు. ఇప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతున్నా నా చెవి వరండాలోనే ఉంటుంది. నేను ట్రే దించుతూండగా "ఇక ఇప్పుడు నేను" అంటాడు. మంచివాడే మా ఆయన. ఆ కథ చెప్పేటప్పుడు మొహం చిన్నపిల్లాడిలా వెలిగిపోతుంది. ఆ మొహం కోసమే ఇన్నేళ్ళూ వేళ తప్పకుండా ట్రే మోశాను.

ఈసారి వచ్చిన ఆవిడకు పట్నంలో కాఫీ గింజలు వేయించి అమ్మే దుకాణం ఉంది. అమ్మేది సింగిల్ ఆరిజిన్ కాఫీయే, అంటే ఇంకో తోట గింజ ఒక్కటి కూడా కలవకుండా ఒకే తోటలో పండినది. ప్యాకెట్ వెనక ఆ తోట కథ అచ్చు వేస్తుందట. మా పంటంతా తనే కొంటానంది, బాగుంటే ఏటా కొంటానంది. మా ఆయన మాటలు ఫోనులో రికార్డు చేసుకుంటోంది. వంటింటి గడప మీద కూర్చుని వింటున్న మా అత్తగారు, "ఏ గింజా కలపని కాఫీ అట. కథ కూడా మనల్ని కలపకుండానే చెప్తున్నాడు చూడు" అన్నారు. ఇద్దరం చప్పుడు కాకుండా నవ్వుకున్నాం.

నవ్వుకున్నాం గానీ, ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. పండు ఎర్రబడ్డాక కోసేది మేము. తోలు తీసి, తొట్టిలో నానబెట్టి, జిగురు పోయేదాకా చేతులతో రుద్ది కడిగేది మేము. కళ్ళంలో పరిచి పొద్దస్తమానం కాళ్ళతో తిరగేసేది, మబ్బు పడితే తింటున్న చెయ్యి కడుక్కోకుండా పరుగెత్తి పట్టా కప్పేది కూడా మేమే. ఎండిందో లేదో చెప్పేది మాత్రం ఆయన. ఆయనకు ముందు మామగారు. పద్ధతి ఒకటే: గింజ పొట్టు ఒలిచి కొరకడం. పంటి గాటు పడితే లోపల ఇంకా తడి ఉన్నట్టు, పడకపోతే ఎండినట్టు. మామగారికి ఓపిక తక్కువ. కొరికి, ఆకాశం వైపు చూసి, "అయిపోయింది, ఎత్తేయండి" అనేవారట. అత్తగారు తనూ ఒకటి కొరికి చూసుకుని, "అలాగే. కానీ బస్తాలు కుట్టే దారం అయిపోయింది" అనేవారట. దారం వచ్చేలోగా గింజలకు ఇంకో రెండు ఎండలు తగిలేవి.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే అత్తగారు ఆ పని నాకు అప్పజెప్పారు. "నా పళ్ళు కదులుతున్నాయమ్మాయ్, ఇక నువ్వు కొరుకు. వాడు అయిపోయిందంటే ఎదురు చెప్పకు. దారం అయిపోయిందను, చాలు." ఇప్పుడు ఆవిడవి కట్టుడు పళ్ళు. ఏటా మా ఆయన తల పట్టుకుని, "ఈ ఇంట్లో దారం ఎందుకు నిలవదో!" అని గొణుక్కుంటూ బజారుకు వెళ్ళేవాడు. తెచ్చిన ఉండల్ని నేను పిండి డబ్బా వెనక దాచేదాన్ని. అలా మా కాఫీకి పేరొచ్చింది, ఆయన మాటా నిలిచింది. నా మాట సంగతి నేను కూడా ఆలోచించలేదు.

కాఫీలు అయ్యాక అందరం కళ్ళం దగ్గరికి వెళ్ళాం. మా ఆయన ఒక గింజ ఒలిచి, కొరికి, అచ్చం మామగారిలాగే ఆకాశం వైపు చూశాడు. "అయిపోయింది. సాయంత్రానికల్లా మీ వ్యానెక్కించేస్తాం" అన్నాడు ఆవిడతో. నేనూ ఒకటి నోట్లో వేసుకున్నాను. పన్ను మెత్తగా దిగింది.

అలవాటుగా నోరు దానంతటదే తెరుచుకుంది. "దారం..."

"ఆ మాట వస్తుందని నాకు తెలుసు!" మా ఆయన పకపకా నవ్వి, వరండాలోంచి ఒక అట్టపెట్టె తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. నిండా దారం ఉండలు. "ఏళ్ళకేళ్ళు సరిపోతుంది. ఇక నీకా బెంగ లేదు."

ఎంత ప్రేమగా తెచ్చాడో! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ గింజలు అలాగే బస్తాల్లోకి వెళ్తే బూజు పడతాయి, ఆవిడ మళ్ళీ మా గడప తొక్కదు. నోరు విప్పితే పరాయి మనిషి ముందు ఈయన చిన్నబోతాడు. అత్తగారి వైపు చూశాను. ఆవిడా దిక్కుతోచక నా వైపే చూస్తున్నారు. ఆవిడ దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే, అది నాకు ఎప్పుడో ఇచ్చేశారు. రేపు నా కూతురికి కూడా నేను ఈ మాటే నేర్పాలా అనిపించింది.

"దారం సంగతి కాదు. గింజ ఇంకా ఎండలేదు. రెండు ఎండలు కావాలి" అన్నాను.

"నేను కొరికి చూశాగా!"

"నేనూ కొరికాను. ఇదిగో."

నా పంటి గాటు పడిన గింజను ఆయన తిప్పి తిప్పి చూశాడు. ఇంకోటి కొరికి, ఈసారి ఆకాశం వైపు కాకుండా గింజ వైపే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. దారం పెట్టె వైపు చూశాడు, తర్వాత వాళ్ళమ్మ వైపు.

"అమ్మా, దారం ఎప్పుడైనా నిజంగా అయిపోయిందా?"

"ఒక్కసారి కూడా లేదు నాన్నా."

"నాన్న రోజుల్లో?"

"అప్పుడూ అంతే."

ఆయన కళ్ళం అంచున కూలబడ్డాడు. తలెత్తి, "ఒక ఏడు వానలో తడుస్తూ వెళ్ళి తెచ్చాను కదే!" అన్నాడు.

"తెలుసు. అందుకే ఆ రోజు మీకు వేడివేడి పకోడీలు వేశాను. తల తుడుస్తూ ఏడ్చేశాను కూడా" అన్నాను. ముందు అత్తగారు నవ్వారు. తర్వాత ఆయన.

దుకాణం ఆవిడ రెండు రోజులు ఆగుతానంది. "కానీ కథ మళ్ళీ మొదట్నుంచి చెప్పాలి" అని వరండాలో ఫోను సిద్ధం చేసింది. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "మా తాత నాటాడు. మా నాన్న నిలబెట్టాడు." ఊపిరి తీసుకోడానికి ఆగి, అలవాటుగా వంటింటి వైపు చూశాడు.

నేను అక్కడ లేను. ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. ఖాళీ ట్రే ఆయన చేతికిచ్చి, "ఈసారి కాఫీ మీరు తెండి" అన్నాను.

వెళ్ళాడు. కాసేపటికి లోపల్నుంచి కేక: "పంచదార ఎక్కడా?"

"పిండి డబ్బా పక్కన!" అన్నారు అత్తగారు. "దాని వెనక దారం ఉంటుంది, పడేయకు!"

నేను ఊపిరి తీసుకుని మొదలుపెట్టాను. "మా అత్తగారు కొరికి చూసేవారు."