కొసరుగా వచ్చిన చాకు

ఆదివారం తెల్లారగానే చాకులమ్మ కుట్టుమిషన్లు బాగుచేసే తన దుకాణం తాళం ఒకసారి లాగి చూసుకుని, చేతిసంచీ చంకన పెట్టుకుని, పెద్ద వంతెన కింద జరిగే పాతసామాన్ల సంతకి నడుస్తుంది. అక్కడ నేలమీద దుప్పట్లు పరిచి, లోకం వద్దనుకున్నవన్నీ వాటిమీద పోస్తారు. ముళ్ళు లేని గడియారాలు, జత తప్పిన చెవిపోగులు, మూతల్లేని ఫ్లాస్కులు, ఫ్లాస్కుల్లేని మూతలు. పాతది పారెయ్, కొత్తది కొనుక్కో అని ఊళ్ళో గోడలన్నీ గొంతు చించుకుంటుంటే, ఆ వంతెన కింద మాత్రం ఏ వస్తువుకీ ఉరిశిక్ష పడదు.

ఆవిడ వెతికేది మడతచాకులు. చాకులమ్మ అన్న పేరు అలా వచ్చిందే. చాకులు పరిచిన దుప్పటి దగ్గర చాకు కొనేవాడు వెర్రివాడని ఆవిడ సిద్ధాంతం. వాటిని అమ్మేవాడికి వాటి విలువ తెలుసు మరి. మంచి చాకు ఎప్పుడూ తన చోట తాను ఉండదు. గరిటెల బుట్టలోనో, దారపుండల డబ్బాలోనో, విరిగిన బొమ్మల కిందో తలదాచుకుని ఉంటుంది. దొరికిందా, ముందు తెరిచి చెవి దగ్గర పెట్టుకోవాలి. స్ప్రింగు బతికుంటే టక్కుమంటుంది. తర్వాత బ్లేడు పక్కలకి ఊగుతోందా, సానపట్టీ పట్టీ ఎంత మిగిల్చారు అని చూడాలి. తుప్పు చూసి భయపడకూడదు. తుప్పు పైపై మాట.

ఆ ఆదివారం తూకం తాత దుప్పటి దగ్గర ఆవిడ కాళ్ళు ఆగిపోయాయి. తాత అన్నిటినీ తూకానికే అమ్ముతాడు, అద్దాలతో సహా. స్పూన్ల కుప్పలోంచి ఒక చెక్కపిడి కొన తొంగి చూస్తోంది. చాకులమ్మ దానివైపు చూడలేదు. పక్కనున్న తుప్పుతాళం తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇదెంత, తాతా?"

"తాళంచెవి లేదు తల్లీ దానికి."

"చేసుకుంటాలే. చెప్పు."

తాత చెప్పాడు. ఆవిడ సగానికి అడిగింది. తాత తన ముసలితనాన్ని సాక్ష్యానికి పిలిచాడు, ఆవిడ తాళానికున్న తుప్పుని పిలిచింది. చివరికి కుదిరాక, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "కొసరేదీ? ఇదిగో, ఈ విరిగిన చెక్కముక్కేదో వేసెయ్యి," అని పిడి పట్టుకుని లాగింది.

తాత బోసినోటితో నవ్వాడు. "కళ్ళు తాళం మీద పెట్టి మనసు చాకు మీద పెడితే నాకు తెలీదనుకున్నావా? ముప్పై ఏళ్ళుగా ఈ దుప్పటి మీద కూర్చున్నా. తీసుకుపో. నా దగ్గరుంటే తుప్పవుతుంది, నీ దగ్గరైతే చాకవుతుంది."

అసలు కన్నా కొసరు ముద్దంటారు కదా. వంతెన స్తంభం చాటుకి వెళ్ళి చాకు తెరిచి చూడగానే చాకులమ్మకి గుండె ఝల్లుమంది. చిన్న, తిన్నని బ్లేడు. పిడి చివర బెరడు విప్పడానికి ఎముకతో చేసిన నాలుక. అది అంటు కట్టేవాళ్ళ చాకు. నెలరోజులుగా ఆవిడ వెతుకుతున్నది అదే, అక్క కోసం.

ఆవిడ బాగుచేసిన చాకులకి వారం పదిరోజులపాటు పాత మనిషి చెయ్యి గుర్తుంటుంది. ఆ పేటలో అందరికీ తెలిసిన సంగతే. చేపలవాడి చాకు కొనుక్కున్న దర్జీ వారంపాటు గుడ్డని తలనుంచి తోకదాకా ఒక్క గీతలో చీల్చాడు. బొమ్మలు చెక్కేవాడి చాకు కొన్న పోస్టుమాను ఇంట్లో బంగాళాదుంపలన్నీ గుర్రాలైపోయాయి. పిల్లలు తలలు మేం తినం అని మారాం చేశారని వాళ్ళావిడ వచ్చి పోట్లాడింది, గుర్రాలెలా వచ్చాయని మాత్రం అడగలేదు. పాత సైకిలు కొనేటప్పుడు టైర్లెలా ఉన్నాయని అడిగినట్టే, చాకులమ్మ దగ్గరికొచ్చినవాళ్ళు, "ఇదెవరి చెయ్యమ్మా?" అని అడుగుతారు. ఆ పదిరోజుల్లో నేర్చుకున్నవాడికి విద్య మిగులుతుంది, లేనివాడికి చాకు మిగులుతుంది. దున్నేవాడిదే భూమి అన్నట్టు, కోసేవాడిదే కత్తి.

ఇందులో ఒకే ఒక్క నియమముంది. ఎర్రటి తుప్పు తియ్యాలి, నల్లటి మచ్చ తియ్యకూడదు. ఎరుపు పనిలేక పట్టింది. నలుపు పనిచేసి సంపాదించుకున్నది. కొత్తదానిలా తళతళలాడించాలని మెరుగు చక్రానికి పెట్టారా, ఆ చెయ్యి తుడిచిపెట్టుకుపోతుంది. కడుపులో పేగుల్లేని మెరుపుకి ఈ లోకంలో కొరతేముంది?

అక్క పంతొమ్మిదేళ్ళుగా నర్సరీలో అంట్లు కడుతోంది. నిమ్మ, గులాబీ, బత్తాయి, ఏదిచ్చినా. అడవిమొక్క కాండాన్ని ఏటవాలుగా కోసి, మేలురకం కొమ్మని అదే వాలులో కోసి, రెండు గాయాలనీ కలిపి కట్టు కడితే, నెల తిరిగేసరికి అవి ఒకే ప్రాణమవుతాయి. కోత ఒక్క ఊపులో పడాలి. రెండోసారి కత్తి ఆనిస్తే ఆ కొమ్మ చెత్తబుట్టకే. పోయినేడు కొమ్మలు నలిపే యంత్రం అక్క కుడిచేతిని లాక్కుంది. యంత్రానికి ఉండాల్సిన రక్షణ మూత పని నెమ్మదిస్తోందని ఎవరో తీయించారు. ఎవరు తీయించారో అందరికీ తెలుసు, కాగితం మీద మాత్రం ఎవరూ లేరు. చెయ్యి మిగిలింది కానీ బొటనవేలూ చూపుడువేలూ ఇక కలవవు.

"వచ్చే శనివారం చూద్దాం," అని చెయ్యి మాని తిరిగి పనిలో చేరిన అక్కతో కిందటి వారం అన్నాడు సూపర్‌వైజరు. "పొద్దు వాలేలోపు నూటయాభై అంట్లు కట్టావా, నీ స్టూలు నీదే. లేదంటే గేటు దగ్గర కుర్చీ ఉంది. గొడుగుంది, ఫ్యానుంది. వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకోవడమే. మహారాణిలా కూర్చోవచ్చు."

"మహారాణికేం పనొచ్చని!" అంది అక్క ఇంటికొచ్చి. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం నుంచీ చాకులమ్మ చాకుతోనే ఉంది. కీలులో కిరసనాయిలు పోసి నానబెట్టింది. అగ్గిపుల్ల చెక్కి పిడిలోపలి మకిలి తవ్వింది, అక్కడ ఏనాటిదో ఎండిన ఆకుపొడి రాలింది. నూనె రాసిన రాగిముక్కతో తుప్పు గీకుతూ పోయింది. రాగి ఇనుముకన్నా మెత్తన, తుప్పుని కొరుకుతుంది, బ్లేడుని కొరకదు. సోమవారం సాయంత్రానికి ఎరుపంతా పోయి, కింద వానమబ్బులాంటి నలుపు బయటపడింది. ఎంత పని! ఎన్ని వేల కొమ్మల పాలు ఆ ఇనుములో ఇంకిందో! చాకులమ్మ దాన్ని దీపానికి అటూ ఇటూ తిప్పి మురిసిపోయింది.

తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది.

అంటుచాకుని ఒకవైపే వాలుగా సానపడతారు. రెండోవైపు పలకలా నున్నగా ఉండి కొమ్మకి ఆనుతుంది, అందుకే కోత తిన్నగా వస్తుంది. ఈ చాకుకి వాలు అవతలి పక్కనుంది. పిడిమీద బొటనవేలు ఆనీ ఆనీ పడిన గుంట కూడా అవతలి పక్కనే. ఇన్నేళ్ళ అనుభవం, కొసరుగా కొట్టేశానన్న సంబరంలో గాలికి పోయింది. తుప్పు కింద వాలు ఎటుందో గోటితో తడిమి చూసుకోలేదు.

అది ఎడమచేతివాళ్ళ చాకు.

అప్పుడే పని దిగి వచ్చిన అక్క గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "ఏంటే, ఆ మొహం? నూనెసీసా ఒలకబోశావా?" అంది.

చాకులమ్మ చెప్పింది. అక్క సంచీలోంచి రెండు నిమ్మకొమ్మలు తీసి బల్లమీద పడేసి, చాకు కుడిచేత్తో పట్టుకుని ఒకదాన్ని కోసింది. పట్టు నిలవలేదు. బ్లేడు కొమ్మలోకి దిగబడి దాన్ని నిలువునా చీల్చేసింది.

"అరగదియ్యి," అంది అక్క. "చక్రం మీద పెట్టి వాలు ఇటు తిప్పెయ్."

"తిప్పితే నలుపు పోతుందక్కా. నలుపుతో చెయ్యి పోతుంది. ఇంక దీనికీ కొత్త చాకుకీ తేడా ఏముంటుంది?"

"మరి నన్నేం చెయ్యమంటావే? శనివారం నీ సిద్ధాంతాలు వచ్చి అంట్లు కడతాయా?"

"నా మీదెందుకు అరుస్తావ్? మూత తీయించినవాడి మీద అరుచుకో!"

"వాడిమీద అరిచే ఉద్యోగం ఖాళీ లేదే తల్లీ! గేటు దగ్గర ఉద్యోగం ఒక్కటే ఉందట!"

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుడిచేతి మణికట్టుతో కళ్ళు తుడుచుకోవడానికి చాకుని ఎడమచేతిలోకి మార్చుకుంది. బొటనవేలు వెళ్ళి సరాసరి పిడిమీది గుంటలో కూర్చుంది. ఏదో మాట అనబోతూ అక్క నోరు తెరిచింది, అంతలో ఎడమచెయ్యి బల్లమీది రెండో కొమ్మని వెతుక్కుంది. కుడిచెయ్యి దాన్ని ఆసరాగా పట్టుకుంది. సర్రుమని ఒక్క ఊపు. చివర నెలవంకలా తేలిన ముక్క నేలమీద పడింది. కోత నీళ్ళు నిలిచేంత నున్నగా ఉంది.

ఇద్దరూ దానివంక చూశారు.

"ఇదెవరి చెయ్యే?" అంది అక్క మెల్లిగా.

"తెలీదు. ఎవరో ఎడమచేతి మనిషి. మనకంటే పనిమంతులు."

"పనిమంతులంటే మామూలు పనిమంతుల చెయ్యి కాదే ఇది," అంది అక్క, ఇంకో కొమ్మ అందుకుంటూ.

నాలుగు రోజులు ఆ ఇంట్లో అడుగు వేస్తే కొమ్మముక్కలే. చెయ్యి ముందు పరిగెత్తింది, అక్క దాని వెనక నడిచింది. మంగళవారం భుజం పట్టేసింది. బుధవారం బొటనవేలు బొబ్బలెక్కి, బొబ్బలు చిట్లాయి. కోయడం చాకుకి తెలుసు, కట్టు కట్టడం తెలీదు. అది అక్కే కనిపెట్టుకుంది. ప్లాస్టిక్ పట్టీ ఒక కొస పళ్ళ మధ్య బిగించి, అంటుకట్టుని కుడి అరచేత్తో అదిమిపట్టి, ఎడమచేత్తో చుట్టడం. "ఎడమచేత్తో తినొద్దని మొట్టికాయలు వేసిన మేష్టారు ఇప్పుడు చూడాలి," అని నోట్లో పట్టీతోనే నవ్వింది.

శనివారం చాకులమ్మ దుకాణం తెరవలేదు. నర్సరీ షెడ్డు గుమ్మం పక్కన నిలబడింది. పొడవాటి బల్ల, దానికి ఒకే పక్కన వరసగా ఎనిమిది మంది, అందరి ముఖాలూ ఒకేవైపు. కిటికీ అందరికీ ఎడమపక్కన పడేటట్టు వేసిన స్టూళ్ళవి. కుడిచేత్తో కోసేవాళ్ళకి చేతినీడ కోతమీద పడదు. అక్కకి పడింది. మొదటి గంటలో పదకొండంటే పదకొండు అంట్లు. రెండు కొమ్మలు పాడయ్యాయి.

అక్క లేచింది. స్టూలు ఎత్తుకుని బల్లకి అవతలివైపుకి నడిచి, వరసకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. ఇప్పుడు కిటికీ ఆవిడకి కుడిపక్కన.

"ఏంటది?" అన్నాడు సూపర్‌వైజరు. "వరసంటే వరసే. అందరూ అటు కూర్చుంటే నువ్వొక్కదానివీ ఇటా?"

"వెలుగెటుంటే అటు కూర్చుంటా సార్. అంట్లు లెక్కపెట్టుకోండి, స్టూళ్ళు కాదు."

ఇంక ఆ చెయ్యి ఆగలేదు. కోత, కోత, కలుపు, చుట్టు. మధ్యాహ్నానికి డెబ్బై ఎనిమిది. మూడింటికి నూటపది. చాకులమ్మ వేళ్ళమీద లెక్కవేసుకుని, ఇలాగే పోతే నూటయాభై దాటి ఇంకో ఐదుంటాయని పొంగిపోతోంది.

అప్పుడు ఎదురుగా కూర్చున్న కొత్త పిల్ల తల ఎత్తింది. పనిలో చేరి నెలయింది. కోసిన రెండు కొమ్మల్లో ఒకటి బుట్టపాలే. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పక్కన పనిచేసేవాళ్ళ భుజాలే చూసింది. ఇప్పుడు ఎదురుగా ఒక జత చేతులు కనిపిస్తున్నాయి. తన కుడిచేతికి ఎదురుగా అక్క ఎడమచెయ్యి, అద్దంలో తన చెయ్యే మేలుగా మారి కనిపించినట్టు.

"అక్కా," అంది ఆ పిల్ల. "కొంచెం నెమ్మదిగా కొయ్యవా? మణికట్టు ఎక్కడ తిప్పుతున్నావో అందడంలేదు."

గుమ్మం దగ్గర చాకులమ్మ పళ్ళు నూరింది. వద్దక్కా, ఈ ఒక్క పూట నీ సంగతి నువ్వు చూసుకో అని కళ్ళతో బతిమాలింది. అక్క చెల్లెలి వైపు చూసింది, కిటికీలో వాలుతున్న ఎండని చూసింది, ఆ పిల్ల చేతికింద చీలిపోయి ఉన్న కొమ్మని చూసింది.

"ఇలా చూడు," అంది. చాకుని గాలిలో ఆపి, నెమ్మదిగా దించింది. "మణికట్టు తిప్పకూడదు తల్లీ. మోచెయ్యి వెనక్కి రావాలి. నువ్వు కూడా నాతోపాటు లాగు."

ఆ పిల్ల లాగింది. పక్కనున్నామె కూడా చాకెత్తింది. ఆ పక్కనున్నతను, ముందుకి వంగి, "ఇంకోసారి," అన్నాడు.

పొద్దు వాలింది. సూపర్‌వైజరు అక్క ముందున్న కుండీలు లెక్కపెట్టాడు. నూటనలభై ఒకటి. మళ్ళీ లెక్కపెట్టాడు. అంతే.

"తొమ్మిది తక్కువ," అన్నాడు.

"తక్కువే," అంది అక్క. చాకు మూసి జేబులో వేసుకుని లేచి నిలబడింది.

సూపర్‌వైజరు కాగితం మీద ఏదో రాయబోయి, అలవాటు ప్రకారం ముందు చెత్తబుట్టలు చూడటానికి వరస వెంట నడిచాడు. రోజూ మూడింటికి ఖాళీ చేసినా సాయంత్రానికి మళ్ళీ పొంగిపొర్లే బుట్టలవి. మొదటిదాంట్లో ఏడెనిమిది కొమ్మలున్నాయి. రెండోదాంట్లో ఐదు. కొత్త పిల్ల బుట్టని కాలితో వంచి చూశాడు. అడుగున మూడే ఉన్నాయి, అవీ మూడు దాటగానే పడ్డవే, వాడిపోయి. ఆ పిల్ల కూర్చునే చోట బల్లకింద నిటారుగా నిలబడ్డ కుండీల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపి, షెడ్డు ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఒకసారి చూశాడు. ఎవరూ ఇంటికి బయల్దేరలేదు. అందరూ అక్క పక్కన నిలబడ్డారు.

ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు. కిటికీవైపు చూస్తూ, ఎవరితోనూ కానట్టు అన్నాడు:

"ఆవిడ కూర్చునే వైపు అద్దం మసకబారింది. సోమవారం పని మొదలయ్యేలోపు తుడిపించండి."