రెండున్నర

నల్లగండ్లలో బయలుదేరిన కారులో స్టీరింగు ముందు డ్రైవరు వీరేశం, అతని పక్కన విశ్రాంత ఇంజనీరు యజ్ఞనారాయణగారు, వెనక ఆయన భార్య జయలక్ష్మి, ఆమె పక్కన ఆవకాయ సీసాను చీరల మధ్య పొదువుకున్న పెట్టె, ఆ వరుసలో ఉన్నారు.

ఢిల్లీలో జయలక్ష్మి తమ్ముడు చలపతిరావుకు ఆ రాత్రి గుండె ఆపరేషను. అక్క మొహం చూడందే థియేటరులోకి కదలనని అతడు భీష్మించాడు. తొమ్మిది దాటితే ఆగలేమని డాక్టర్లు చెప్పేశారు.

టికెట్లు తీసిన కోడలు ప్రవీణ ముందురోజు ఫోనులో ఇంతే చెప్పింది: "ఫ్లైట్ టైమ్ రెండున్నర, మావయ్యగారూ. నాలుగూ ముప్పావుకి ఢిల్లీ."

"బయలుదేరేదే రెండున్నరకేమోనండీ," అని జయలక్ష్మి పొద్దున్నే అంది.

"జయా, దూరం పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఫ్లైట్ టైమ్ అంటే గాలిలో ఉండే కాలం. బయలుదేరే వేళను డిపార్చర్ అంటారు, అది నాలుగూ ముప్పావుకి. జన్మంతా డ్రాఫ్టులు దిద్దినవాడికి నువ్వు ఇంగ్లీషు చెప్పకు."

ఆమె వెళ్ళి పెట్టె సర్దుకుంది. ఇప్పుడు కారులో మాటిమాటికీ ఫోనులో టైము చూసుకుంటోంది.

గచ్చిబౌలి దాటి రింగురోడ్డు ఎక్కుతుండగా ఆమె ఫోను మోగింది. రాయదుర్గం ఆఫీసు నుంచి ప్రవీణ. జయలక్ష్మి స్పీకరు పెట్టింది.

"అత్తయ్యా, సెక్యూరిటీ అయిపోయిందా?"

"ఎక్కడమ్మా, ఇంకా దారిలోనే ఉన్నాం."

"అయ్యో! ఒంటిగంట దాటింది. రెండున్నరకి ఎగిరిపోతుందత్తయ్యా! రాత్రి దాకా ఇంకెందులోనూ సీటు లేదు. బోర్డింగ్ పాసులు మీ ఫోనుకే పంపించాను. పెట్టెలు తీసుకునే కౌంటరు మాత్రం ముందే మూసేస్తారు."

ముందు సీటులో యజ్ఞనారాయణగారి మెడ బిగుసుకుంది. తల మాత్రం వెనక్కి తిరగలేదు.

"కాస్త తొందరగా పోనీ, బాబూ," అంది జయలక్ష్మి.

"ఫికర్ చేయకుండ్రమ్మా, ఇగ సిగ్నల్లు లేవు. సారు నాలుగూ ముప్పావు అన్నరని నేను గూడ నిమ్మళంగ తినొచ్చిన."

శంషాబాదు చేరేసరికి కౌంటరు మూసేశారు. పెట్టె తీసుకోవడం కుదరదనీ, చేతిసంచితో అయితే ఇప్పుడే లోపలికి పరుగెత్తమనీ అక్కడి అమ్మాయి చెప్పింది. యజ్ఞనారాయణగారు కళ్ళజోడు సవరించుకుని, మేనేజరును పిలవమంటూ గంభీరమైన ఇంగ్లీషులో అందుకున్నారు. వాక్యం వెంట వాక్యం సాగుతోంది. జయలక్ష్మి గోడ గడియారం చూసింది. పెళ్ళైన నాటి నుంచి ఏ కౌంటరు దగ్గరా ఆమె నోరు విప్పింది లేదు.

పెట్టె పిడి ఆయన చేతిలో పెట్టింది. "మీరు మాట్లాడుతూ ఉండండి. నేను వెళ్తున్నాను."

"ఒక్కదానివా? ఎవరైనా ఏదైనా అడిగితే?"

"వాడు ఎదురుచూస్తున్నది నా కోసమండీ, మీ ఇంగ్లీషు కోసం కాదు."

కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పరుగెత్తింది. అడిగిన ప్రతివారికీ ఫోను చూపించింది, వాళ్ళు చెయ్యి చూపిన దిక్కుకల్లా పోయింది. గేటు మూయబోతున్న కుర్రాడు ఆమెను చూసి ఆగాడు. అందరికన్నా చివర ఎక్కింది ఆమే.

ఆసుపత్రిలో చలపతిరావు స్ట్రెచరు మీద నుంచి అక్క చెయ్యి పట్టుకున్నాడు. "ఆవకాయ ఏదే?"

"మీ బావగారి దగ్గరుంది. ఇంకా మేనేజరుతోనే మాట్లాడుతున్నారేమో."

అతడు నవ్వి, "ఇక పదండయ్యా," అన్నాడు.

థియేటరు తలుపులు మూసుకున్నాక, కుటుంబ గ్రూపులోకి వచ్చిన సందేశాన్ని మేనల్లుడు అవినాష్ ఆమెకు చదివి వినిపించాడు:

"రెండున్నర అనునది విమానము బయలుదేరు వేళయే. ఈ విషయమున నా భార్య జయలక్ష్మి చెప్పినదే సరి. నా పొరపాటు వలన కలిగిన ఆపదలో ఆమె ఒంటరిగా ప్రయాణించి తన తమ్ముని చేరుకొన్నది. ఈ కార్యమును మన కుటుంబము పక్షమున కృతజ్ఞతాపూర్వకముగా గుర్తించుచున్నాను. యజ్ఞనారాయణ."