సున్నం డబ్బా

మా అమ్మ సమాధి కృష్ణ ఒడ్డున, మా పాత ఊళ్లో ఉంది. ఏటా ఈస్టరుకు వెళ్లి దానికి సున్నం కొట్టి రావాలి. మాచర్లలో హెడ్మాస్టరైన మా నాన్న దేవసహాయం ఆ ఏడు కదల్లేదు.

"పరీక్షలు కానియ్యవే," అన్నాడు. ఎండాకాలం పేపర్లు దిద్దాలన్నాడు. బడి తెరిచాక అడ్మిషన్లన్నాడు. సాగర్ డ్యాం నీళ్లు ఊరిని ముంచుతున్నాయంటే, "సమాధులు మిట్టమీద ఉండయ్, అంతదాకా ఎక్కవు," అని కసిరాడు.

చివరికి దసరా సెలవుల్లో వెళ్లాం. గుట్ట దిగేసరికి కనుచూపు మేర నీళ్లే.

"ఏది నాన్నా మిట్ట? అమ్మ ఏది?" అని అరిచాను.

నాన్న సున్నం డబ్బా కింద పెట్టాడు.

"తగ్గుతయ్‌లేవే," అన్నాడు. "క్రిస్మస్ సెలవులకు వద్దాం."